గుండ్లబీడు

ఎర్రజెండా కనపడింది కాబట్టే అబ్రహాము గొడ్లను అటు తోలాడు.

పల్నాటి బీదవాడికి ఎర్రజెండాకు ఒక్కటే అర్థం తెలుసు. బంజరులో పాతితే ఈ బంజరు మాది అని. ఆసామి చేనుగట్టున పాతితే ఈ కూలికి మేం దిగం అని. ఆ జెండా ఎక్కడుంటే అక్కడ మనవాళ్లుంటారు, అక్కడికి పోవాలి. తండ్రులనాడు నేర్చిన పాఠం అది. మిలిటరీవాళ్ల బడిలో అదే గుడ్డకు వేరే అర్థం చెబుతారనీ, ఇటు వస్తే చస్తావన్నదే ఆ అర్థమనీ వేపలకుంటలో ఎవరికీ తెలియదు. దండోరా వేయించామని తర్వాత అన్నారు. వేయించిన మాట నిజమే. సర్పంచి ధనుంజయరావు మేడ ముందు వేశారు, ఆయన జీతగాళ్లు వినేటట్టు. ఊరవతలి మాలపాలెం దాకా డప్పు నడవలేదు.

అది ఎనభై ఏడు, కరువు ఏడాది. చేలల్లో మోకాటి ఎత్తు పైరు లేదు. ఊరి గొడ్లన్నిటికీ మిగిలిన మేత గుండ్లబీడులోనే. గుట్ట కింద రాళ్లమధ్య చెంగలి గడ్డి ఏ కరువుకూ చావదు. ఎండాకాలం నుంచీ అక్కడ మిలిటరీ గుడారాలు వెలిశాయి. గుడారాలు లేచి గుట్ట అవతలికి మారిన మర్నాడు పొద్దున గుట్ట చుట్టూ కొత్త ఎర్రజెండాలు కనపడేసరికి పాలెం పండగ చేసుకుంది. కూలీల సంగంవాళ్లే పాతారనుకున్నారు. అబ్రహాము తన బర్రెల్నీ, నలుగురి ఆవుల్నీ విప్పుకుని అందరికంటే ముందు బయల్దేరాడు.

మౌలాలీ ఆ పొద్దున మాచర్ల నుంచి కిరసనాయిలు డబ్బాలు బండిమీద వేసుకుని వస్తున్నాడు. వేపలకుంటలో కిరాణా కొట్టు ఆయనదే, కిరసనాయిలు డీలరూ ఆయనే. బీడు పక్కనుంచే బండిబాట. అబ్రహాము కర్ర పైకెత్తి ఊపాడు.

"సాయిబన్నా! చూసినావా మన జెండాలు?"

"చూశాలే! ఇంకేం, నీ బర్రెలు పట్టాదారులైనయ్!" అన్నాడు మౌలాలీ. అబ్రహాము నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాలేదు.

గుట్ట అవతల ఎక్కడో పెద్ద తలుపు మూసినట్టు చప్పుడైంది. తర్వాత గాలి చిరిగింది. తర్వాత నేల లేచింది. ఎద్దులు బండిని తుమ్మల్లోకి ఈడ్చుకుపోయాయి. మౌలాలీ లేచి, మట్టి ఉమ్మేసి చూసేసరికి అబ్రహాము ఉన్నచోట అబ్రహాము లేడు. ఒక బర్రె ముందుకాళ్లమీద లేవబోయి లేవలేక, మళ్లీ లేవబోతోంది. గడ్డి అంటుకుంది. జెండాలు మాత్రం నిక్షేపంగా ఎగురుతున్నాయి.

జీపు వచ్చేసరికి పాలెం అంతా పరుగున వచ్చింది. జీపులోంచి దిగిన కుర్ర ఆఫీసరు ముఖం తెల్లబోయి ఉంది. భయాన్ని కోపం చేసి హిందీలో అరిచాడు. అక్కడ ఆ భాష తెలిసినవాడు మౌలాలీ ఒక్కడే. అందరూ ఆయన మొహమే చూశారు. అబ్రహాము పెళ్లాం హన్నమ్మ కూడా. ఆమె ఒళ్లో మొగుడి చెప్పు ఒకటి ఉంది.

"ఏమంటన్నాడు సాయిబన్నా?"

మౌలాలీ ఎన్నో బేరాల్లో ఆ భాష నుంచి ఈ భాషకు మాట మార్చి ఇద్దర్నీ ఒప్పించినవాడు. ఈ ఒక్క మాటకు మారకం దొరకలేదు.

"ఎర్రజెండా కనపళ్లేదా, గుడ్డోళ్లా అంటన్నాడు."

"కనపడబట్టే గదా వచ్చింది!"

"వాళ్లల్లో ఎర్రజెండా అంటే రావొద్దని అర్థమంట."

హన్నమ్మ ఆ జెండావైపు చూసింది, ఆ ఆఫీసరు వైపు చూసింది. "ఎవురు చెప్పారట ఆ అర్థం?" అంది. మౌలాలీ హిందీలో అడిగాడు. ఆఫీసరు జీపెక్కాడు.

*

గుండ్లబీడు పోతే ఏం పోతుందో తెలియాలంటే గ్యాసు సంగతి తెలియాలి.

రెండేళ్ల కిందట సర్కారు వేపలకుంటలో ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టింది. భూమిలో పెద్ద ఇటుక గొయ్యి, దానిమీద బోర్లించిన ఇనప డ్రమ్ము. పేడను నీళ్లలో కలిపి తొట్టిలో పోస్తే గోతిలో పులిసి గ్యాసు పుడుతుంది, గ్యాసు నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది. పైపులు ఊళ్లోకీ, సాయిబుల వీధికీ, పాలేనికీ వేశారు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు గ్యాసు వదిలేవారు. బర్రెలు ఎక్కువ ఊరివి, పేడెత్తే చేతులు పాలెంవి. ఆ తొట్టి దగ్గర పేడ కలిపే పని హన్నమ్మది.

మొదట్లో పెద్దిళ్ల ఆడవాళ్లు మొండికేశారు. మాలపల్లె బర్రె పేడా మా బర్రె పేడా ఒకే గోతిలో కలిపితే ఆ మంటమీద వండి దేవుడికి ఎట్టా పెట్టేది అన్నారు. పాలెంలోని ముసలమ్మలు నవ్వారు. "మరి మీ బర్రెను మేపింది మా అబ్రహామే గదా, దాని కడుపులో గడ్డిని కూడా కడుగుతారా?" అని. నాలుగు వానలు పడి కట్టెలు తడిసి, పొయ్యి ఊది ఊది కళ్లు వాచినాక పెద్దిళ్లవాళ్లే పైపు ఎప్పుడు బిగిస్తారని కబురు పెట్టారు. పొగ రాని మంటకు కులం కనపడలేదు.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది మౌలాలీ. కిరసనాయిలు స్టవ్వులు అటకెక్కాయి, డబ్బాలు కదలడం మానేశాయి. ఈ పేడతొట్టి నా కడుపుకొట్టిందని కొట్టుమీద కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాడు. కానీ కాటా పట్టిన చెయ్యి ఆయనది, ఎటు మొగ్గిందో చూడకుండా ఉండలేదు. తిప్పితే మంట వచ్చే పొయ్యి ఉంటే ఆడవాళ్లు రెండోసారి టీ పెడతారు. టీపొడి, చక్కెర ఎక్కువ పోయాయి. కట్టెలకు పోయే పొద్దు మిగిలితే ఆ పొద్దుకు కూలికి పోతారు, కూలొస్తే కొట్టుకొస్తారు. ఒక తట్టలో తరుగు, ఇంకో తట్టలో మొగ్గు. ఊరు బాగుంటే కొట్టు బాగుంటుందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, సరుకే చెప్పింది.

ఇప్పుడు బీడులోకి గొడ్లు పోవడంలేదు. గుండ్లు పడ్డచోట గడ్డి మాడింది. గుంటల్లో నిలిచిన నీళ్లమీద రంగులు తేలుతున్నాయి, వాటిని తాగిన చూడి గేదె ఒకటి ఈసుకుపోయింది. గురి కనపడటానికి అడ్డమని గుట్ట వాలులో చెట్లు కొట్టేశారు. పాలెం బావి ఒర నిలువునా చీలి, నీళ్లు కిందికి దిగిపోయాయి. మేతలేక జనం గొడ్లను మాచర్ల సంతకు తోలుతున్నారు. కోతకు కొనేవాళ్లు తప్ప సంతలో బేరమాడేవాడు లేడు. గొడ్లు తగ్గితే పేడ తగ్గింది. డ్రమ్ము రోజురోజుకీ దిగిపోతూ వచ్చింది. ఒకనాటి సాయంత్రం పొయ్యిలో మంట నీలంగా ఒకసారి ఎగిరి, టప్పున ఆరిపోయింది.

మౌలాలీ కొట్టు ముందు మళ్లీ కిరసనాయిలు సీసాల వరస కట్టింది.  ఆయన పోస్తున్నాడు, వాళ్లు పట్టుకుపోతున్నారు. అంత జోరు అమ్మకం ఆయనకు ఎన్నడూ లేదు, అంత రుచిలేని అమ్మకం కూడా ఎన్నడూ లేదు.

*

పరిహారం విచారణకని ఎమ్మార్వో వచ్చి బడి వరండాలో కూర్చున్నాడు. పక్కన ధనుంజయరావు. ఎదురుగా పాలెం, నేలమీద.

"ప్రమాద సూచకంగా ఎర్రజెండా ఎగురవేసి ఉండగా నిషిద్ధ ప్రాంతంలో ప్రవేశించినందున," అని చదివాడు ఎమ్మార్వో, "మృతుని కుటుంబం పరిహారానికి అర్హత లేనిదై ఉన్నది."

హన్నమ్మ లేచింది. "అయ్యా, మాకు తెలిసిన ఎర్రజెండా రమ్మనుద్ది. మీ ఎర్రజెండా చావమనుద్ది. మీ గుడ్డ మార్చుకోండి. అర్థం మేం మార్చుకోం."

"కూర్చోమ్మా, కోర్టులో ఈ మాట చెల్లదు."

"మా ఆయన చావు చెల్లిందిగా!"

వరండా అంచున నిలబడ్డ కుసుమ ముందుకొచ్చింది. ఊరి పంతులుగారి కూతురు, నరసరావుపేట కాలేజీలో చదువుతూ విద్యార్థి సంఘంలో తిరిగే పిల్ల. "సార్, పాలెంలో రెండో గ్యాస్ ప్లాంటు కడతామని పోయినేడు రాసిచ్చారు. ఏమైంది?"

ఎమ్మార్వో కాగితం తిరగేశాడు. "నిధులు లేవమ్మా. ఈ ఏడాది రక్షణ అవసరాలు పెరిగాయని పైనుంచి కోత పడింది. దేశం ముందు, తర్వాత మనం."

"అంటే మా పొయ్యి కింద డబ్బు తీసి ఫిరంగిలో కూరారు. ఆ ఫిరంగిని మా బీడుమీదే పేల్చారు. పేపర్లో రోజూ ఆ ఫిరంగుల కొనుగోళ్ల గొడవే. మధ్యలో కమీషను తిన్నోడు దేశభక్తుడు, తిండిలేనోడు ద్రోహి. అంతేనా సార్?"

"ఏయ్ పిల్లా, పంతులు పరువు తీయబాక," అన్నాడు ధనుంజయరావు. ఎమ్మార్వో కాగితాలు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే ధనుంజయరావు మౌలాలీని పిలిపించాడు. సర్పంచి పొలాలన్నీ కాలవ పక్కన, బీడులో సెంటు లేదు. ఫిరంగులు పేల్చే రేంజికి రోడ్డు వేసే కాంట్రాక్టు, ముళ్లకంచె కాంట్రాక్టు అప్పటికే ఆయన చేతిలో ఉన్నాయి.

"ఏరా సాయిబూ, కిరసనాయిలు బాగా పోతందంట?"

"పోతందయ్యా."

"ఇంకా పోయిద్ది. తాత్కాలికంగా వచ్చినోళ్లు శాశ్వతంగా ఉండబోతన్నారు. క్యాంటీను పెట్టాలంట, నమ్మకమైనోడు కావాలన్నారు. నీ పేరే చెప్పా. హిందీ వచ్చు, ఎచ్చులకు పోవు. ఎల్లుండి పంచాయతీలో తీర్మానం ఉంది. బీడు నిరుపయోగ భూమి అని మెంబర్లంతా ఏకగ్రీవంగా రాసియ్యాలంట. నువ్వూ మెంబరువే గదా, చెయ్యెత్తు. అంతే."

మౌలాలీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. వంట వసారా నిండా పొగ. పెళ్లాం మైమూనా ఊదుగొట్టం పక్కన పడేసి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. క్యాంటీను సంగతి ఆమెకు మురిపెంగా చెప్పాడు. 

"నూనె అమ్ముకునేది నువ్వు," అంది మైమూనా. "ఈ కట్టెల పొగలో వండేది నేను. నీ లాభం నీ గల్లాలో పడుద్ది, నా నష్టం నా కళ్లల్లో పడుద్ది. ఇద్దరివీ ఒక కాటాలో ఎయ్యి చూద్దాం."

"సర్కారుతో పెట్టుకుంటే కొట్టు ఉండదే."

"హన్నమ్మ పొద్దున సబ్బుబిళ్లకు వచ్చింది. నిన్ను ఏమీ అన్లేదు. మా ఆయన చివరిసారి నవ్వింది సాయిబన్నతోనే అంది, పోయింది. తిట్టినా బాగుండేది."



*

పంచాయతీ ఆఫీసు ముందు ఊరు ఊరంతా ఉంది. లోపల మెంబర్లు, బయట కిటికీలకు వేలాడుతూ జనం. మాచర్ల నుంచి నాపరాళ్ల గనుల కూలీలు వచ్చారు, కుసుమతోటి విద్యార్థులు వచ్చారు. ధనుంజయరావు ఇంత జనాన్ని లెక్కలో వేసుకోలేదు. అయినా కుర్చీలో వెనక్కి వాలి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"ఇది పల్నాడు. వీరుల గడ్డ. ఇక్కడ కత్తులకు పూజ చేస్తారు. అట్టాంటి గడ్డమీద మిలిటరీ కాలు పెట్టడం మన అదృష్టం. ఎందుకూ కొరగాని రాళ్ల బీడు, దేశానికిస్తే పుణ్యం, పురుషార్థం. చేతులెత్తండి."

ఒకటి లేచింది. ఇంకొకటి లేచింది. అవి ఆయన బాకీదార్ల చేతులు. మౌలాలీ చెయ్యి ఒళ్లోనే ఉంది.

"సాయిబూ?"

"ఒకటి అడుగుతా అయ్యగారూ. నిరుపయోగమంటే ఏంది?"

"పనికిరానిది. తెలుగు రాదా?"

"వచ్చు. నేను కొట్టోణ్ణి, సరుకు పేరు చూడను, సరుకే చూస్తా," అంటూ మౌలాలీ లేచాడు.  మాట సరుకు మీదికి రాగానే గొంతు పెరిగింది. "ఆ బీడు గడ్డి బర్రె తినుద్ది. పాలిచ్చుద్ది, పేడేసుద్ది. పేడ గోతిలో పోస్తే మంట వచ్చుద్ది. మంట తీసుకున్నాక మడ్డి మిగులుద్ది, అది చేలోకి పోతే గింజైద్ది. పొయ్యిలో మండి పొలంలో పండే సరుకు ఇంకోటి నా కొట్లో లేదు. అది తరగదు, మళ్లీ గడ్డి మొలుచుద్ది. ఇగ మీ గుండు సంగతి చూద్దాం. కొన్ననాడు ఖర్చు. దాచిననాడు ఖర్చు. దాన్ని మోసుకొచ్చే లారీల్లో పోసిన నూనె నేను చూశా, ఊరంతా ఎలిగించుకునేది ఒక్క పొద్దుట పొగగొట్టాల్లో పోయింది. పేల్చిననాడు ఖర్చు. పేల్చినాక నేల ఖర్చు, నీళ్ల ఖర్చు, మనిషి ఖర్చు. ఇన్నిసార్లు నష్టమిచ్చే సరుకు నాకు ఉత్తపుణ్యానికిచ్చినా గడప దాటనియ్యను. దాన్ని మీరు ఉపయోగమంటన్నారు, గడ్డి మొలిచే నేలను నిరుపయోగమంటన్నారు. ఈ తూకం దొంగ తూకం. నేను చెయ్యెత్తను."

కిటికీల దగ్గర గోల లేచింది. ధనుంజయరావు బల్లమీద గుద్దాడు.

"ఒరేయ్! నువ్వు సాయిబువి. మిలిటరీ వద్దంటన్నావంటే ఊళ్లో ఏమనుకుంటారో తెలుసా? ఎవురి మనిషివంటారో తెలుసా?"

 మౌలాలీ బల్ల దగ్గరికి నడిచాడు.

"మా చిన్నాయన కొడుకు సుభానీ డెబ్బైఒకటి యుద్ధంలో పోయాడయ్యా. శవం రాలేదు, బట్టల పెట్టె వచ్చింది. ఆ పెట్టెను మాచర్ల రైలుకాడ దించింది అబ్రహాము. ఆ యుద్ధానికి మీ ఇంట్లోంచి ఎవురు పోయారు?"

"రోడ్డు కాంట్రాక్టు పోయింది!" అని కిటికీలోంచి ఎవరో అరిచారు. నవ్వు అంటుకుంది. భయం పోగొట్టడంలో నవ్వును మించిన మందు లేదు. లేచిన చేతుల్లో ఒకటి దిగింది. దాని పక్కది తల గోక్కుంటూ దిగింది. ధనుంజయరావు సభ చాలించి వెనక తలుపునుంచి పోయాడు.

కొట్టు మర్నాడే పోయింది. కల్తీ అన్నారు, దాచిపెట్టావన్నారు, డీలరుషిప్పు రద్దన్నారు. డబ్బాలు జీపులో వేసుకుని తలుపుకు లక్కముద్ర కొట్టారు. మౌలాలీ అరుగుమీద కూర్చుండిపోయాడు. తండ్రి పెట్టిన కొట్టు అది. పోయిందాని బరువు ఎంతో ఆయనకు తెలుసు, తేలికని బుకాయించలేదు. "ఊళ్లో పొయ్యి ఆరింది, ఇప్పుడు నా పొయ్యి కూడా ఆరింది," అన్నాడు కుసుమతో. "ఇంక నన్ను బెదిరించడానికి వాళ్లకాడ ఏం సరుకు మిగల్లేదమ్మాయ్. చెప్పు, ఏం చేద్దాం?"

చెప్పింది కుసుమ కాదు, హన్నమ్మ. "చేసేదేముంది? గొడ్లకు ఆకలైతంది. బీడుకు తోలదాం. ఒకళ్లు పోతే చంపారు. అందరం పోదాం."

*

మళ్లీ కాల్పులు పెట్టిన రోజున వేపలకుంట కదిలింది. ముందర ఎవరి గొడ్లు నడవాలని మొదట్లో చిన్న తగువు కూడా జరిగింది. పెద్దరైతు ఒకాయన తన ఒంగోలు గిత్తల్ని ముందుకు తెచ్చాడు. "అన్నా, గుండు పడితే ముందు వాటిమీదే పడుద్ది," అంది హన్నమ్మ. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే పక్కపక్కనే నడుద్దాంలే," అన్నాడు. పాలెం బర్రెలూ, సాయిబుల మేకలూ, ఊరి ఆవులూ గిత్తలూ ఒకే దుమ్ములో కలిసి బీడులోకి దిగాయి. దిగగానే తలలు వంచి మిగిలిన గడ్డి పట్టాయి. వాటివెనక జనం కూర్చున్నారు. నాపరాళ్ల కూలీలు పాట ఎత్తుకున్నారు.

గుట్టమీద ఆఫీసరు దుర్భిణి పెట్టుకుని చూశాడు. బీడులో మనుషులుంటే పేల్చకూడదు. పొద్దెక్కింది, ఎండ ముదిరింది, ఫిరంగి నోరు తెరవలేదు. కంచె పక్కన కాపలా నిలబడ్డ జవాను ఒకడు చుట్టూ చూసి, మౌలాలీతో తెలుగులో, మెల్లగా అన్నాడు: "పెద్దాయనా, మాది కడప పక్క. మా ఊరి బీడు కూడా ఇట్టనే పోయింది. మీరు లేయొద్దండి."

లేపడానికి పోలీసు లారీలు వచ్చాయి. లాఠీలు లేచాయి. పెద్దరైతు చెయ్యి విరిగింది. ఒక విద్యార్థి తలకు దెబ్బ తగిలి చొక్కా తడిసింది. మైమూనా మీదికి లేచిన లాఠీని మౌలాలీ మోచేత్తో ఆపాడు. మగవాళ్లనూ, కుసుమనూ లారీల్లోకి విసిరేశారు. అప్పుడు ఒక కానిస్టేబులు ఇనస్పెక్టరును అడిగాడు: "సార్, గొడ్ల సంగతేంది?"

"అరెస్టు చేయండి వాటిని కూడా!"

ఆ మాట ఆయన కోపంలో అన్నాడు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాడు. కానిస్టేబుళ్లు లాఠీలతో బర్రెల్ని అదిలిస్తూ, టోపీలు జారుతూ, పేడలో బూట్లు జారుతూ మాచర్ల బందెలదొడ్డికి నడిచారు. దారి పొడుగునా ఊళ్లు బయటికొచ్చి చూశాయి. ఎందుకని అడిగాయి. దారి పొడుగునా ఆడవాళ్లు చెప్పుకుంటూ నడిచారు.

స్టేషను చాలక, పట్టుకొచ్చినవాళ్లను బందెలదొడ్డికి ఆనుకుని ఉన్న మార్కెట్ షెడ్డులో కూర్చోబెట్టి తాళం వేశారు. చెక్క తలుపుల సందుల్లోంచి దొడ్డి కనపడుతోంది. దొడ్డి కాపలాదారు అలీ సాహెబ్ నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు. తప్పిపోయి చేలోపడ్డ ఒకటీ అరా గొడ్డును కట్టేసే దొడ్డి అది. ఇప్పుడు అడుగు పెట్టేందుకు చోటు లేదు. పొదుగులు బిగిసి బర్రెలు అరుస్తున్నాయి. నేలంతా పేడ.

మర్నాడు పొద్దున్నే హన్నమ్మ, మైమూనా, ఊరి ఆడవాళ్లు తట్టలతో దొడ్డి వాకిట నిలబడ్డారు.

"మేం పాలు పిండుకోవాలి, పేడెత్తుకుపోవాలి. తలుపు తియ్యి."

ఇనస్పెక్టరు అడ్డం వచ్చాడు. "బందెలో పడ్డ గొడ్డుమీద హక్కు సర్కారుది. పాలూ సర్కారువే, పేడా సర్కారుదే. పోండి."

హన్నమ్మ తట్ట కింద పెట్టింది. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ షెడ్డు లోపలిదాకా వినపడింది.

"బీడు తీసుకున్నారు. మా ఆయన్ని తీసుకున్నారు. నూనె తీసుకున్నారు, నూనె అమ్మేటోణ్ణి తీసుకున్నారు, గొడ్లను తీసుకున్నారు. ఆఖరికి పేడ కూడా మీదేనా? ఫిరంగులు కొనుక్కున్న సర్కారుకు పేడ ఎందుకయ్యా? తినడానికా?"

బజారు నవ్వింది. కూరగాయలవాళ్లు తట్టలు దించి దగ్గరికొచ్చారు. రిక్షావాళ్లు రిక్షాలు అడ్డంగా నిలిపారు. బస్టాండు కూలీలు వచ్చారు. బస్సుల్లో పోయేవాళ్లు దిగి, ఏందంట ఏందంట అని అడిగి, విని, మళ్లీ బస్సెక్కలేదు.

అప్పుడు దుర్గి రోడ్డు వైపు దుమ్ము లేచింది.

మౌలాలీ తలుపు సందుకు కన్ను ఆనించాడు. ముందర గంటల మోత వినపడింది. తర్వాత కొమ్ములు కనపడ్డాయి. నిన్న దారిపక్కన నిలబడి చూసిన ఊళ్లు తమ గొడ్లను తోలుకుని వస్తున్నాయి. ఎవరూ వాటిని పట్టుకోలేదు, ఎవరి చేనూ అవి మేయలేదు. వాళ్లే తోలుకొస్తున్నారు. ఆ మంద వచ్చి దొడ్డి గోడకు ఆనుకుని ఆగింది. ముందున్న ముసలి గొల్ల కర్ర నేలకు కొట్టి అన్నాడు: "వేపలకుంట గొడ్లు బందెలో పడ్డయ్యంట. వాటికి తోడుగా మావి గూడా ఎయ్యండి. రేపు మా బీడుకు వస్తారు గదా, ఆ పని ఇయ్యాళే చేయండి."

అలీ సాహెబ్ దొడ్డి లోపలికి చూశాడు, బయట మందను చూశాడు, ఇనస్పెక్టరును చూశాడు. "పట్టదు సార్," అన్నాడు. "చీమ గూడా పట్టదు. రేపటికి గోడ కూలుద్ది."

షెడ్డులో మౌలాలీ లేచి నిలబడ్డాడు. వాచిన మోచెయ్యి వంగలేదు, రెండో చేత్తో పక్కనున్న పెద్దరైతును లేపాడు. కుసుమ లేచింది. నాపరాళ్ల కూలీలు లేచారు. జీవితమంతా గిట్టుబాటైతేనే అడుగు వేసిన మనిషి మౌలాలీ. ఇప్పుడు కాటా అక్కర్లేకుండానే తెలుస్తోంది, మొగ్గు ఎటుందో.

బయట ఇనస్పెక్టరు విజిలు ఊదాడు. ఎవరూ కదలలేదు. హన్నమ్మ దొడ్డి గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"నీకు పట్టవు గదా," అంది. "మాకు పడతయ్. బీడుకు తోలుకుపోతాం. తప్పుకో."

అలీ సాహెబ్ తప్పుకున్నాడు.

గొళ్లెం లేచిన చప్పుడు వినగానే, షెడ్డు తలుపుకు లోపలినుంచి భుజాలు ఆనాయి.